మూడుసార్లు మంచిగుందన్న బ్యాటరీ

బండి పని నేర్చుకుంటున్న పిల్లలు ఎవరు కలిసినా నన్ను ఒకటే అడుగుతరు: "కాకా, చలికాలంల బ్యాటరీలు ఎందుకు మొరాయిస్తయ్?" నేను జవాబు చెప్పబోయి ఒక బర్రె కథ మొదలుపెడ్త. నవ్వుతరు. నవ్వనీయి. నా ముప్పై ఏండ్ల పనిల నా గుండె అంత గట్టిగ కొట్టుకున్న రోజు ఇంకొకటి లేదు. 

నేను జనగామల పాన పట్టుడు నేర్చుకున్న. భూపాలపల్లిల బొగ్గు దుమ్ము తిన్న బండ్ల మీద చేయి తిరిగింది. ఆఖరికి మానుకోటల ఒక బ్యాటరీల దుకాణంల కుదిరి, అక్కడనే రిటైరైన. ఆ దుకాణంల నా పని వారంటీ చూసుడు. ఎవరన్నా "బ్యాటరీ పోయింది, మార్చియ్యి" అని వస్తే నేను మిషన్ పెట్టి చూడాలె. పోతే పోయిందని రాస్త, బాగుంటే "బ్యాటరీ మంచిగున్నది, వాడకం లోపం" అని కార్డు మీద, రిజిస్టర్ల రాసి సంతకం చేస్త. నేను రాసిందే రాత. దుకాణం యజమాని, మా మాలిక్ గూడ నా మాట కాదనకపోయేటోడు. ఆ కుర్చీల కూసున్నోనికి మెల్లమెల్లగ మెడ బిగుసుకపోతది, తమ్ముళ్లూ. నాకూ బిగుసుకున్నది.

దీపావళి దాటిందంటే మా దుకాణం ముంగట పొద్దుగాల్నే వరుస కట్టేటోళ్లు. చలికి బ్యాటరీ లోపల యాసిడ్ మందగిస్తది, ఇంజిన్ల ఆయిల్ చిక్కబడ్తది. తక్కువ బలంతోని ఎక్కువ బరువు తిప్పాలె. ఎండకాలం ఎట్లనో నెట్టుకొచ్చిన ముసలి బ్యాటరీ గప్పుడు చేతులెత్తేస్తది. పైగా కొత్త బండ్లల్ల చానవాటికి కిక్కు లేదు, సెల్ఫ్ ఒక్కటే. అది పలకకపోతే బండి ఉత్త ఇనుమే.

గసొంటి ఒక చలికాలంల ఒకాయన వచ్చిండు. ముప్పై ఏండ్లుంటయ్. గూడూరు అవతల అడివి అంచున ఒక తండా ఆయనది. పని ఏందంటే, ఎదకొచ్చిన బర్రెలకు, ఆవులకు ఊరూరు తిరిగి సూది వేసుడు. మంచి జాతి దున్నల వీర్యం సన్నటి గొట్టాలల్ల గడ్డకట్టించి ఉంటది. ఆ గొట్టాలను ద్రవ నైట్రోజన్ నింపిన ఒక క్యాన్ల పెట్టుకొని బండి మీద తిరుగుతరు. పాల మీదనే బతికే తండాలకు ఆ మనిషి డాక్టర్ తోటి సమానం.

"అన్నా, బర్రెలు ఎక్కువ చలికాలంల్నే ఎదకొస్తయ్. నాకు పని ఉండేదే గీ నాలుగు నెలలు. గిప్పుడే బండి లేస్తలేదు. రోజూ దిబ్బ మీదికి నూకి, పల్లంల వదిలి స్టార్ట్ చేస్తున్న" అన్నడు.

నేను బ్యాటరీ ఇప్పి మిషన్ పెట్టిన. లోడ్ లేకుంట ఓల్టేజీ బాగున్నది. లోడ్ పెట్టిన, బాగున్నది. మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండల, గూడూరు కెళ్లి మానుకోట దాక ఉరికొచ్చిన బ్యాటరీ బాగుండక ఏం జేస్తది! నాకు ఆ ముచ్చట తట్టలే. కార్డు మీద "వాడకం లోపం" రాసిన.

పది రోజులకు మళ్ల వచ్చిండు. మళ్ల మధ్యాహ్నమే. బండికి ఫోన్ చార్జర్ తగిలించుకున్నడు, అది పీకి పారేసిన. "రాత్రంతా గిది కరెంటు తాగుతది. సెల్ఫ్ పట్టుకొని ఊకె నొక్కకు. ఒక్కసారి నొక్కు, ఆగు, మళ్ల నొక్కు" అని క్లాస్ పీకిన. ఆయన తల ఊపిండు. రెండో సంతకం చేసిన.

మూడోసారి వచ్చినప్పుడు మొకం గుంజుకపోయి ఉన్నది. మిషన్ మళ్ల అదే పాట పాడింది. నేను కార్డు తీస్తుంటే ఆయన మెల్లగ అన్నడు: "అన్నా, నువ్వు రాసేది రాయి. కని ఒక్క మాట. నేను ఆలస్యంగ పోతున్ననని, నేను వేసిన సూదులు నిలుస్తలేవని మా పెద్దసారుకు అర్జీలు పోయినయ్. గీ నెల చూసి తీసేస్తమన్నడు. ఒక్కసారి తెల్లారంగ మా తండాకు రా. నువ్వే సెల్ఫ్ కొట్టు. లేస్తే నేను మళ్ల ఈ గడప తొక్క."

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాలె గద, కోపమే వచ్చింది. "ఇంటింటికి తిరిగి బ్యాటరీలు చూసుడు నా పని కాదు తమ్మీ" అన్న. ఆయన కార్డు జేబుల పెట్టుకొని పోయిండు.

మా చార్జింగ్ రూంల ఒక అక్క పనిచేసేది. నాకంటే ఐదారేండ్లు పెద్ద. యాసిడ్ చుక్కలు పడి ఆమె చీర కొంగు ఎప్పుడూ జల్లెడ తీరుగ ఉండేది. పెద్దగ చదువుకోలే, కని బ్యాటరీ పక్కన చెవి పెట్టి, బుడగల సప్పుడు విని చార్జింగ్ ఎంతెక్కిందో చెప్పేది. ఆ రోజు తలుపు కాడ నిలబడి అంతా విన్నది.

"నువ్వు చూసిందేంది తమ్మీ?" అన్నది.

"బ్యాటరీ."

"ఆయన చెప్పిందేంది?"

"బండి లేస్తలేదని."

"ఎప్పుడు?"

"తెల్లారంగ."

"మరి పగటీలి బ్యాటరీని చూసి, తెల్లారిటి బండికి ఎట్ల సర్టిఫికెట్ ఇస్తున్నవ్?" అని లోపలికి పోయింది. 

 మరునాడు సాయంత్రం మాలిక్ కు చెప్పి, రిజిస్టర్ల నంబరు చూసి ఆయనకు ఫోన్ చేసి, మీటర్, రెండు పానలు, ఉప్పుకాగితం సంచిల వేసుకొని గూడూరు బస్సెక్కిన. ఆయన బస్టాండ్ల నిలబడి ఉన్నడు. నన్ను చూసి ఉరికొచ్చి నా సంచి గుంజుకున్నడు.

ఇంట్ల జొన్నరొట్టె పెట్టిండ్రు, మందపు బొంత ఇచ్చిండ్రు. పొద్దు పొడవక ముందే ఫోన్ మోగింది. పక్క తండా అవ్వ. ఆమెకు ఉన్నది ఒక్కటే బర్రె. ఫోన్ల మాటలు నాకు ఇనబడ్తనే ఉన్నయ్: నిన్న పొద్దుమూకినప్పటి సంది అరుస్తున్నది, వెనుక జిగట తీగలు వేస్తున్నది, ఎదకొచ్చింది, జల్ది రా అని. ఆయన వస్త అని చెప్పి ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసిండు. మొకం తెల్లగ పాలిపోయింది.

"అన్నా, గీ యాడి బర్రెకు రెండుసార్లు సూది వేసిన. రెండుసార్లూ నిలువలే. ఈసారి గూడ తప్పితే కోతకు అమ్ముతా అంటున్నది. పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపట వేయకుంటే పని కాదు."

యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. తండాల పెద్దామెలందరినీ ఆయన గట్లనే పిలుస్తడు.

వాకిట్లకు వచ్చినం. బండి అంతా మంచు నీళ్లతోని తడిసి ఉన్నది. క్యాన్ రాత్రే బండికి కుడి పక్క కట్టి పెట్టుకున్నడు, తెల్లారి ఫోన్ రాంగనే ఉరకాలె గద. ఆ క్యాన్ కు పాత బొంత గుడ్డతోని వాళ్లింటామె కుట్టిన సంచి తొడిగి ఉన్నది.

తాళం పెట్టి నేనే సెల్ఫ్ నొక్కిన. టిక్. టిక్ టిక్ టిక్.

తమ్ముళ్లూ, ఆ మనిషి తల పట్టుకున్నడు. నాకేమో లోపల ఎగిరి గంతెయ్యాలె అనిపించింది! మూడుసార్లు నా చేతికి చిక్కకుంట తప్పించుకున్న దొంగ, నా కండ్ల ముంగట నిలబడి టిక్ టిక్ అంటున్నది. "దొరికింది!" అని ఒర్రిన. ఆయన నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు.

పక్క డబ్బా ఇప్పి మీటర్ బ్యాటరీకి పెట్టిన. "నొక్కు" అన్న. నొక్కిండు. బ్యాటరీ నీరసపడ్డదైతే ఓల్టేజీ ధబ్బున పడిపోవాలె. మంచిదైనా కొంతన్నా దిగాలె, సెల్ఫ్ మోటర్ గట్టిగ గుంజుతది గద. ఇది ఉన్నకాడనే ఉన్నది. అంటే బ్యాటరీ దగ్గర బలం ఉన్నది, కని ఆ బలం మోటర్ దాక పోతలేదు. నడుమల ఎవడో అడ్డం పన్నడు.

మీటర్ తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఒకటి ఇంజిన్ మీద పెట్టిన. "మళ్ల నొక్కు." ఆ రెంటి నడుమ సున్నా చూపియ్యాలె. ఎనిమిది ఓల్టులు చూపించింది. ఎనిమిది!

"అర్త్! అర్త్ తమ్మీ! మైనస్ నల్ల వైరు ఎక్కడ బిగించిండ్రు?"

ఇద్దరం మోకాళ్ల మీద కూసొని వైరు పట్టుకొని పోయినం. కుడి పక్క, క్యాన్ కు సరిగ్గ కింద, ఫ్రేముకు ఒక బోల్టు. దాని మీద తుప్పు పెచ్చులు కట్టింది, పక్కన పచ్చగ చిలుము. పాన పెట్టి తిప్పితే కిర్రున ఒర్రింది. ఇప్పిన, ఉప్పుకాగితం తోటి బోల్టు అడుగు, ఫ్రేము, వైరు మొన మూడూ తెల్లగ మెరిసేదాక రుద్దిన, బిగించిన. చేతులు చలికి కొంకర్లు పోతున్నయ్, కని అది యాదికే లేదు.

"నొక్కు."

ఒక్క నొక్కుకే లేసింది. బుర్రున లేసింది! వాళ్లింటామె లోపలికెళ్లి ఉరికొచ్చింది. ఆయన నవ్వుకుంట, ఏడ్చుకుంట క్లచ్ పట్టుకొని బండెక్కబోయిండు.

నేనైతే కదలలే. బండి రెండేండ్లది. మిగితా బోల్టులన్ని కొత్తగ ఉన్నయ్. ఇది ఒక్కటే ఎందుకు తుప్పు పట్టాలె? తేమ ఉన్నది కాబట్టి. ఇక్కడనే ఎందుకు తేమ ఉన్నది? వేలుతోని తడిమిన. ఫ్రేము మీదికెళ్లి సన్నగ నీళ్ల గీత. పైకి పోయిన. క్యాన్ సంచి అడుగు తడితోని బరువెక్కి ఉన్నది. బ్యాటరీ ఎడమ పక్క ముట్టుకుంటే చల్లగ ఉన్నది. క్యాన్ దిక్కున్న పక్క ముట్టుకుంటే అది వేరే చలి. ఎముకకు తాకే చలి.

"గీ సంచి తీయి తమ్మీ."

"తర్వాత చూద్దాం అన్నా, పొద్దయితుంది."

"తీయి."

ముడి ఇప్పి సంచి కిందికి గుంజిండు. క్యాన్ భుజం మీద తెల్లగ మంచు పేరుకొని ఉన్నది. సున్నం పూసినట్టు. నేను వేలు పెడ్తే అతుక్కున్నది.

ఆయన బండి మీదికెళ్లి దిగిండు. కూసున్నడు, మట్టిల్నే.

నాకు క్యాన్ల సంగతి తెల్వది, ఆయనే చెప్పిండు, ఒక్కొక్క మాట కూడదీసుకుంట. ఆ క్యాన్ కు రెండు గోడలుంటయట. నడుమ గాలి తీసేసి ఉంటదట. లోపలి చలి బయటికి రావద్దు. బయట మంచు పట్టిందంటే నడుమలకు గాలి జొరబడ్డట్టు. నైట్రోజన్ గబగబ ఆవిరైపోతది. అది దిగిపోతే గొట్టాలు బయటపడి కరిగిపోతయ్. వాటిల ప్రాణముండదు.

"వానలల్ల కల్వర్టు కాడ బండి పడ్డది అన్నా. చిన్న సొట్టనే అనుకున్న. మళ్ల దెబ్బ తాకొద్దని గీ సంచి కుట్టిపిచ్చిన. నైట్రోజన్ జల్దిన అయిపోతుంటే మాటిమాటికి మూత తీస్తున్నందుకే అనుకున్న. సంచి తడుస్తుంటే పొద్దుగాల మంచు పడ్డది అనుకున్న." కొలకర్ర లోపల పెట్టి తీసిండు. అడుగున రెండేళ్ల మందం తడి. "ఇన్ని రోజులు నేను వేసినయన్ని ఉత్త నీళ్లేనా అన్నా?"

 బండి నా దుకాణానికి వచ్చిన మూడుసార్లూ క్యాన్ ఇంటికాడ పెట్టి వచ్చిండు. నేను ఒక్కసారన్నా "రోజూ బండి మీద ఏమేం కట్టుకొని తిరుగుతవ్?" అని అడిగితే, మొదటిసారే బయటపడేది. ఎన్ని బర్రెలు తప్పిపోయినయో.

"లే" అన్న. "బండి లేస్తున్నది. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలే. మంచి గొట్టాలు ఎక్కడ దొరుకుతయ్?"

కేసముద్రంల ఇదే పని చేసే ఇంకొకాయన ఉన్నడు. ఫోన్ చేసినం. "నా దగ్గర చిన్న క్యాన్ ఒకటి అదనంగ ఉన్నది, రాండ్రి" అన్నడు. ఈయన అవ్వకు ఫోన్ చేసి "యాడీ, బర్రెను ఇంటికాడనే కట్టెయ్, వస్తున్న" అన్నడు. నేను వెనుక కూసున్న.

ఆ ఉరుకుడు ఏం చెప్పాలె! పొగమంచు మొకానికి కొడ్తున్నది. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయ్. నేను వెనుకకెళ్లి "మెల్లగ, మెల్లగ" అంటున్న, లోపలేమో "జల్ది, జల్ది" అనుకుంటున్న. కేసముద్రం మార్కెట్ యార్డు కాడికి వచ్చేసరికి పత్తి లారీలు, వడ్ల ట్రాక్టర్లు అడ్డం దిడ్డం ఇరుక్కొని రోడ్డు మొత్తం బంద్. నడుమల చిక్కుకున్నం. బండి ఆపకుంట ఆయన ఎక్సలేటర్ తిప్పి రేజు ఇచ్చుకుంటనే ఉన్నడు.

"ఆపు బండి" అన్న.

"అమ్మో, ఆపితే లేవకుంటే?"

"లేవకుంటే నేను నూకుత. ఆపు."

ఆపిండు. నా మీద ఉన్న నమ్మకానికి కాదు, నేను పెద్దోన్నని. ముంగటి ట్రాక్టర్ కదిలింది. ఆయన వేలు సెల్ఫ్ మీద పెట్టి కండ్లు మూసుకున్నడు. నొక్కిండు. బుర్రుమన్నది! పక్కన లారీ డ్రైవర్ "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అన్నడు, మేమిద్దరం గట్ల ఒర్రినం మరి.

క్యాన్ పట్టుకొని తిరిగొచ్చేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చేందుకు ఇంకా ఓ మూర మిగిలే ఉన్నది. అవ్వ వాకిట్ల బర్రెను పట్టుకొని నిలబడ్డది. మమ్ముల చూసి ముందుగాల తిట్టింది. ఆయన తిట్లన్ని విని, అప్పుడు చేతులు జోడించి నిజం చెప్పిండు: "యాడీ, నీ బర్రె తప్పు లేదు. ముందు వేసిన రెండూ పనికిరానియి. నా క్యాన్ పాడైంది, నాకు తెల్వలే. ఇది మంచిది." దాచొచ్చు, దాయలే. అవ్వ బర్రె దిక్కు తిరిగింది. "గట్లనా బిడ్డా. పాపం, నేను రోజూ దీన్నే తిడ్తున్న" అని బర్రె మెడ నిమిరింది. "కానియ్ మరి."

ఆయన గోరువెచ్చటి నీళ్లల్ల గొట్టం ముంచి, గడియారం చూసుకుంట తీసిండు. పది నిమిషాల్ల పని అయిపోయింది. నేను బర్రె కొమ్ములు పట్టుకున్న. బ్యాటరీల మనిషిని, బర్రె కొమ్ములు వదలలే. 

మరునాడు ఆ బోల్టును ఒక కాగితంల చుట్టుకొని, సొట్ట క్యాన్ పట్టుకొని, ఇద్దరం వాళ్ల పెద్దసారు దగ్గరికి పోయినం. ఆ బండికి కొత్త బోల్టు బిగించి పాతది నేను సాక్ష్యానికి తెచ్చిన. సారు ముందు నమ్మలే. "బ్యాటరీ దుకాణపాయనకు క్యాన్ల సంగతి ఏం తెలుసు?" అన్నడు. "నాకు తెల్వది సార్. కని గీ బోల్టు మీద నీళ్లు ఎక్కడికెళ్లి పడ్డయో తెలుసు" అన్న. సారు నవ్విండు. క్యాన్ల నైట్రోజన్ నింపి, తూకం వేసి, ఒక రోజు పెట్టి మళ్ల తూకం వేసిండు. అంతే. అర్జీలు పక్కకు పెట్టిండు, కొత్త క్యాన్ ఇప్పిచ్చిండు. రైతులందరు వెంటనే మళ్ల నమ్మిండ్రా అంటే, లేదు. కొందరు ఇప్పటికీ ఆయనను పిలుస్తలేరు. వాళ్ల కాలం పోయింది, ఎవరు తెచ్చిస్తరు?

దుకాణానికి వచ్చి రిజిస్టర్ తీసిన. మూడు చోట్ల "వాడకం లోపం" అని నా రాత. మూడింటి కింద "చూసుడు లోపం, నాది" అని రాసిన. మాలిక్ కండ్లద్దాలు సవరించుకొని చదివిండు. "నీ తప్పు నువ్వే రాసుకుంటున్నవా?" అన్నడు.

"అవును."

"మరి సంతకం?"

పెట్టిన. చార్జింగ్ రూం తలుపు కాడ అక్క నిలబడి ఉన్నది. ఒక గ్లాసు చాయ తెచ్చి నా ముంగట పెట్టి పోయింది.

ఎండలు ముదిరినయ్. ఒకరోజు దుకాణం నిండ మంది ఉండంగ నా ఫోన్ మోగింది. ఆయనే. వెనుక అవ్వ గొంతు, బర్రె గిట్టల సప్పుడు. "అన్నా, ఫోన్ పెట్టకు. యాడి బర్రెను చూస్తున్న. చేయి లోపలున్నది, ఫోన్ చెవికి యాడి పట్టుకున్నది." ఇటు నేను ఫోన్ చెవికి అదుముకున్న. అటు సప్పుడు లేదు. ఇంకా లేదు. తర్వాత ఒక్కటే కేక: "కట్టింది అన్నా! సూడి కట్టింది!"

నేను కుర్చీల కెళ్లి లేసి నిలబడి, దుకాణం అదిరిపోయేటట్టు "అక్కా! బర్రె సూడి కట్టింది!" అని ఒర్రిన. లోపలికెళ్లి అక్క చప్పట్లు కొట్టింది. మాలిక్ బిల్లు రాసుడు ఆపిండు.

కౌంటర్ ముంగట బ్యాటరీ చేతుల పట్టుకొని నిలబడ్డ ఒకాయన బిత్తరపోయి మమ్ములందరినీ చూసిండు. "ఏందన్నా, మీ దుకాణంల బర్రెలను గూడ చూస్తరా?"

"చూస్తం" అన్న, కండ్లు తుడుచుకుంట. "ఆ బ్యాటరీ కింద పెట్టు. ముందు నీ బండి ఎక్కడున్నదో చెప్పు, పోయి చూసొద్దాం."